రాతి గట్టుకు లెక్కలో చోటు లేదు

మున్సిపాలిటీ అంటే మనకు డ్రైనేజీ, ఆస్తి పన్ను, వీధికుక్కలు. ఫిలిప్పీన్స్‌లో అలా కాదు. అక్కడ నగర హోదా లేనిదల్లా మున్సిపాలిటీయే. కొండల మధ్య విసిరేసినట్టున్న నాలుగైదు ఊళ్లను కలిపి ఒక మేయరును ఎన్నుకుంటే అది కూడా మున్సిపాలిటీయే. మన మండలానికి దగ్గరగా ఉంటుందనుకోవచ్చు. కాకపోతే మన ఎంపీపీ కంటే అక్కడి మేయరు చేతిలో పని చాలా ఎక్కువ.

అలాంటిదే హుంగ్దువాన్. లుజాన్ దీవి ఉత్తరాన, కొర్దిల్యెరా కొండల్లో, ఇఫుగావో ప్రావిన్సులో ఉంది. తొమ్మిది బరంగాయ్‌లు, అంటే పంచాయతీల్లాంటివి, అన్నీ కలిపినా జనాభా పది వేల లోపే. కొండ వాలును మెట్లుగా చెక్కి వరి పండించే ఊళ్లు ఇవి. 1995లో యునెస్కో ఈ ప్రావిన్సులో ఐదు చోట్ల మెట్ల మడులను ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది. అందులో హుంగ్దువాన్ ఒకటి. మిగతావి మయోయావ్, కియాంగన్ దగ్గరి నాగకదన్, బనావెలోని బటాడ్, బంగాన్.

ఇక్కడో తమాషా ఉంది. పర్యాటకులు ఫొటో దిగేది, 20 పీసోల నోటు వెనక అచ్చయినది బనావె వ్యూపాయింట్ నుంచి కనిపించే మడులు. అవి యునెస్కో జాబితాలో లేవు. చుట్టూ లేచిన కాంక్రీటు ఇళ్లే అందుకు కారణమంటారు. అయినా మనీలా నుంచి రాత్రంతా ప్రయాణం చేసి వచ్చిన బస్సు ఆగేది బనావెలోనే, లాడ్జీలు ఉన్నదీ అక్కడే. హుంగ్దువాన్ ఇంకా లోపలికి. బిరుదు ఒక చోట, బేరం ఇంకో చోట!

బిరుదు ఉన్నంత మాత్రాన గట్టు నిలబడదు. హుంగ్దువాన్‌లో హపావ్ అనే బరంగాయ్ మడులకు మట్టి గట్లు కాదు, రాతి గోడలు. వానాకాలంలో మడిలో నీళ్లు నిండి వెనక మట్టి నానితే గోడ ముందు కడుపు ఉబ్బినట్టు బయటికి వస్తుంది. అప్పుడే నాలుగు రాళ్లు తీసి సర్దితే సరిపోతుంది. చూసే మనిషి లేకపోతే ఒక రాత్రి కూలుతుంది. పైమడి నీళ్లు కింది మడి మీద పడతాయి, ఆ బరువుకు దాని గోడా జారుతుంది. అందుకే ఇక్కడ ఒక కుటుంబం ఊరు వదిలిపోతే కింది మడివాళ్లకు టెన్షన్. గట్లను బొరియలు చేసే పెద్ద వానపాములు ఉండనే ఉన్నాయి. 1980లలో తిండి కోసమని దేశంలోకి తెచ్చిన బంగారు నత్త లేత నారును కొరికేస్తోంది. పైనున్న ముయోంగ్ అడవి కూడా ఇదే లెక్కలోది. కుటుంబాలు తరతరాలుగా కాపాడుకునే ఈ చెట్ల తోపే నీళ్లను పట్టి ఉంచి మెల్లగా కిందికి వదులుతుంది. తోపు పలచబడితే మడి ఎండుతుంది.

ఇంత చేస్తే వచ్చేది ఒక్క పంట. ఇక్కడి పాత వరి పేరు తినావొన్, ఏడాదికొకసారి పండేది అని అర్థం. డిసెంబరు, జనవరిల్లో నాట్లు, జూన్, జులైల్లో కోతలు. చాలా ఇళ్లలో ఆ గింజలు ఏడాది తిండికి కూడా చాలవు. అందుకే చిలగడదుంప తోడు, లేకపోతే బయట కొన్న బియ్యం.

వరి విషయంలో ఫిలిప్పీన్స్ మనకు పరాయి దేశం కాదు. లాస్ బాన్యోస్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ 1966లో ఐఆర్ 8 అనే వరి రకాన్ని విడుదల చేస్తే, మరుసటి ఏడాదే పశ్చిమ గోదావరి ఆచంట రైతు నెక్కంటి సుబ్బారావు దాన్ని పండించి చూపించారు. తర్వాత మన మార్టేరు స్వర్ణకు ముంపును తట్టుకునే జన్యువును చేర్చిందీ అదే సంస్థ. డెల్టాలకు రెండు పంటలు నేర్పిన దేశంలోనే, చలి కొండల మీద ఒక్క పంటతో సరిపెట్టుకునే రైతులున్నారు. హరిత విప్లవం నీళ్లూ ఎండా సమృద్ధిగా ఉన్న పల్లానికి కుదిరిన మందు. కొండకు దాన్ని మోతాదు మార్చి ఇచ్చినా పెద్దగా పని చేయలేదు.

ఈ కొండల్లోని ఇఫుగావో జనంలో మడులు పెద్ద సంతానానికే దక్కడం ఆచారం. ముక్కలు చేస్తే గట్టు ఎవరిదన్న పేచీ మొదలవుతుంది మరి. ఈ కట్టుబాటు మడులను కాపాడింది, చిన్నవాళ్లను ఎప్పటి నుంచో బయటికి పంపింది. హుంగ్దువాన్ చెక్క శిల్పులు చాలామంది బాగియో నగర శివారులోని ఆసిన్ రోడ్డులో స్థిరపడ్డారు. ఇంటి దగ్గర ధాన్యపు గాదెకు కాపలా ఉండే బులుల్ బొమ్మను అక్కడ టూరిస్టుల కోసం చెక్కుతారు. ఇప్పుడు పెద్ద కొడుకులూ, కూతుళ్లూ కూడా వెళ్తున్నారు. చదువుకున్న పిల్ల నర్సు కావాలనుకుంటుంది గానీ మోకాలి లోతు బురదలో రాళ్లు పేర్చాలని ఎందుకు అనుకుంటుంది?

వారసత్వ ప్రేమికులు దీన్ని యువతరం తప్పుగా చూస్తారు. నాకు ఆ నింద నచ్చదు. ఈ మడులు రెండు వేల ఏళ్ల నాటివని చాలాకాలంగా చెప్తున్నారు. పురావస్తు శాస్త్రవేత్త స్టీఫెన్ అకాబాడో బృందం తవ్వకాల తర్వాత వేరే మాట వినిపిస్తోంది. ఇక్కడ తడి వరి సాగు విస్తరించింది సుమారు నాలుగు వందల ఏళ్ల కిందట, స్పెయిన్ సేనలు పల్లపు ప్రాంతాలను ఆక్రమిస్తున్నప్పుడు అని వాళ్ల వాదన. వయసు తగ్గితే గొప్ప తగ్గుతుందని కొందరు నొచ్చుకున్నారు. నాకైతే ఇందులో ఎక్కువ గౌరవం కనిపిస్తోంది. అంటే ఆ పూర్వీకులు పరిస్థితిని లెక్కేసుకుని కొండెక్కారు. వాళ్ల మనవలూ లెక్కేసుకునే దిగుతున్నారు.

ఆ లెక్క మారాలంటే ఊరి బడ్జెట్ చూడాలి. ఇలాంటి మున్సిపాలిటీకి సొంత పన్నులు నామమాత్రం, కేంద్రం ఇచ్చే వాటాయే ఆధారం. 1991 స్థానిక ప్రభుత్వ చట్టం ప్రకారం మున్సిపాలిటీల వాటాను పంచేటప్పుడు సగం జనాభాను బట్టి, పావు భూ విస్తీర్ణాన్ని బట్టి, మిగతా పావు అందరికీ సమానంగా ఇస్తారు. సుప్రీంకోర్టు 2018లో ఇచ్చిన మందనాస్ తీర్పుతో 2022 నుంచి పంచే మొత్తం పెరిగింది, సూత్రం మాత్రం అలాగే ఉంది. అందులో గట్టు పొడవుకు గడి లేదు, ముయోంగ్‌కు లేదు. పైగా మనుషులు వెళ్లిపోయే కొద్దీ వాటాలో జనాభా భాగం తగ్గుతుంది. గోడలు కట్టే చేతులు తగ్గిన ఊరికే, కూలి ఇచ్చి కట్టించుకునే డబ్బూ తగ్గుతుందన్నమాట.

2001లో యునెస్కో ఈ మడులను ప్రమాదంలో ఉన్న వాటి జాబితాలో పెట్టి 2012లో తీసేసింది. ఆ పదకొండేళ్లలో ప్రణాళికలు వచ్చాయి, మరమ్మతులూ జరిగాయి. కానీ ప్రాజెక్టు డబ్బు వచ్చి పోతుంది, గోడ ప్రతి ఏడాదీ ఉబ్బుతుంది. నా మాట సూటిగా ఇదీ: గట్టు మరమ్మతును సంస్కృతి ఖాతాలో కాక కాలువ పూడికతీతలా నీటిపారుదల పనిగా చూడాలి. మడివాళ్లకే ఏటా కూలి కట్టివ్వాలి.

కూలి మొదలైతే ఒకరికొకరు బదులు పని చేసుకునే ఉబ్బు పద్ధతి పాడవుతుందని ఒక అభ్యంతరం ఉంది, కొట్టిపారేసేది కాదు. అయితే ఉబ్బు సాగాలన్నా పక్క మడిలో మనిషి ఉండాలి కదా! హపావ్ వాగులో కోతలయ్యాక జరిగే పున్నుక్‌ను చూడండి. నడుము లోతు నీళ్లలో దిగి, వరిగడ్డితో మనిషి ఆకారంలో చుట్టిన కినా-అగ్‌ను, కొక్కెంలా వంగిన కొమ్మలను పట్టుకుని ఊళ్లు అటూ ఇటూ లాగుతాయి. దీన్నీ 2015లో యునెస్కో జాబితాలో చేర్చారు. హపావ్, బాఅంగ్, నుంగులునాన్ మూడు ఊళ్లూ దిగితేనే ఆ లాగుడు కుదురుతుంది.

మళ్లీ నాట్లు డిసెంబరులో. తుపాన్లు వెలిసే సరికి అక్టోబరో నవంబరో అవుతుంది. కూలిన గోడ ఎత్తడానికి మధ్యలో మిగిలేది ఆ నాలుగు వారాలే.