డిశ్చార్జి కాగితంలో లేని మూడు నెలలు

మా అక్క కొడుకు హైదరాబాద్‌లో ఒక డీ-అడిక్షన్ సెంటర్‌లో 24 రోజులుండి, పోయినేడు వానాకాలంలో నల్లగొండకు తిరిగొచ్చాడు. ఇంటర్ సెకండియర్ పిల్లాడు. గంజాయితో మొదలైంది. నిద్ర పోయింది, ఆ తర్వాత అందరూ తన గురించే మాట్లాడుకుంటున్నారన్న అనుమానం పట్టుకుంది. ఎంజీబీఎస్‌లో బస్సెక్కేటప్పుడు అక్క చేతిలో ఒక ప్లాస్టిక్ కవరుంది. అందులో నాలుగు రకాల మాత్రలు, మడతపెట్టిన కాగితం. చౌటుప్పల్ దాటాక ఆ కాగితం తీసి చూశాను. మందుల పేర్లు, ఏ పూట ఎన్ని వేసుకోవాలో, అడుగున ‘నెల తర్వాత రావాలి’ అన్న మాట. ఇంకేం లేదు.

ఈ నెల రోజులూ పిల్లాడు ఏం చేయాలి? రాత్రి నిద్ర పట్టక లేచి కూర్చుంటే ఎవరికి ఫోన్ చేయాలి? మాత్ర వేసుకోనని మొండికేస్తే ఏం చేయాలి? పాత దోస్తు గేటు దగ్గరికొచ్చి హారన్ కొడితే? వీటిలో ఒక్కదానికీ ఆ కాగితంలో జవాబు లేదు. డిశ్చార్జి అయ్యాడంటే నయమైపోయిందని అక్క అనుకుంది. ఆమెను తప్పుపట్టలేం, అలా కాదని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

వార్డులో పని సగం కూడా కాదు. గంజాయి మానిన మొదటి వారంలో చిరాకు, ఆకలి లేకపోవడం, నిద్ర పట్టకపోవడం, పట్టినా పీడకలలు రావడం ఎక్కువగా ఉంటాయి. ఆ గట్టు డాక్టర్ల దగ్గరే దాటుతారు. కానీ అక్కడ పాత అడ్డా లేదు, సెల్‌ఫోన్ లేదు, పరీక్షల టెన్షన్ లేదు, నాన్న అరుపులు లేవు. ఇంటికొచ్చిన రోజు నుంచి అవన్నీ ఒక్కసారిగా మీద పడతాయి. చికిత్స తర్వాత మళ్లీ మొదలయ్యే ప్రమాదం తొలి వారాల్లో, తొలి నెలల్లోనే ఎక్కువ. మానసిక వార్డు నుంచి బయటికొచ్చాక మొదటి మూడు నెలల్లో ఆత్మహత్య ప్రమాదం కూడా పెరుగుతుందని వైద్యులకు బాగా తెలుసు. ఆ మూడు నెలల భారం ఎవరిదో ముందే తేల్చుకోవాలన్నదే నేను చెప్పదలచుకున్నది.

చట్టం ఈ మాట ఎప్పుడో చెప్పింది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2018 మే నుంచి అమల్లో ఉంది. దాని 98వ సెక్షన్ ప్రకారం, రోగిని ఇంటికి పంపేముందు చూసిన డాక్టరు రోగితో, ఇంట్లో చూసుకునేవాళ్లతో మాట్లాడి, ఇకపై చికిత్స ఎలా సాగాలో ప్లాన్ తయారయ్యేలా చూడాలి. 87వ సెక్షన్ పిల్లల గురించి. పద్దెనిమిదేళ్లు నిండనివాళ్లను తప్పనిసరైతేనే చేర్చుకోవాలి, పెద్దవాళ్లతో కలపకుండా విడిగా ఉంచాలి, తల్లో తండ్రో సంరక్షకులో చికిత్స అయ్యేదాకా వెంట ఉండాలి. మా అక్కను మాత్రం ఆ సెంటర్‌వాళ్లు ఆదివారం ఒక గంటే చూడనిచ్చారు. వెంట ఉండుంటే కొడుక్కి ఏ మాటతో కోపమొస్తుందో, దేనితో దిగుతుందో నర్సులను చూసైనా నేర్చుకునేది.

ఇంటికొచ్చాక ఏమైందో చెప్తాను. మొదటి పది రోజులు ఇల్లు పోలీస్ స్టేషనైంది. బావ రోజూ చొక్కా వాసన చూసేవాడు. అక్క బట్టలు ఉతికే వంకతో జేబులు వెతికేది. బాత్రూంలో అయిదు నిమిషాలు ఎక్కువుంటే తలుపు కొట్టేవాళ్లు. ఒకరోజు పిల్లాడు నా దగ్గరికొచ్చి, ‘మామా, దవాఖానల ఒక్కసారే జేబులు చూసిన్రు. ఇంట్ల రోజూ చూస్తున్రు’ అన్నాడు. కోపంగా కాదు, అలసిపోయి అన్నాడు. ఆ రాత్రే నలుగురం కూర్చున్నాం. జేబులు వెతకొద్దు. మాత్రలు మాత్రం అక్క చేత్తోనే ఇవ్వాలి, మిగతావి బీరువాలో తాళం వేసి ఉంచాలి. సిమ్ మార్చడానికి వాడే ఒప్పుకోవాలి, మనం లాక్కోవద్దు. సాయంత్రం అయిదు నుంచి ఏడు దాకా, అంటే పాత అడ్డాకు పోయే వేళలో, ఎవరో ఒకరు వాడి వెంట ఉండాలి. సిమ్‌కు ఒప్పుకోవడానికి వాడికి నాలుగు రోజులు పట్టింది.

ఇంకొకటి ఎవరూ అడగరు, నేనే అడిగాను. బావది పత్తి సేద్యం. పురుగుమందు డబ్బాలు ఇంటి వెనక రేకుల షెడ్డులో, తలుపు కూడా లేనిచోట ఉండేవి. వాటిని ఆ రోజే ఇంట్లోంచి తీసేయించాం. నల్లగొండ, నాగర్‌కర్నూల్ పల్లెల్లో ఇలాంటి షెడ్డు లేని రైతు ఇల్లు అరుదు. డిప్రెషన్‌తో వార్డుకు వెళ్లొచ్చిన పిల్లలున్న ఇంట్లో మొదట చేయాల్సిన పని ఇదే. పైసా ఖర్చు లేదు. డాక్టరు రాయకపోయినా మనమే చేసుకోవచ్చు.

ఇక కల్లు సంగతి. మన దిక్కు కల్లును మత్తుగా ఎవరూ లెక్కపెట్టరు. బోనానికి సాక పోస్తాం, దావత్‌లో పెడతాం, ‘ఒక్క సీసాకేమైతది’ అని మేనమామలే పోస్తారు. కానీ చెట్టు కల్లు వేరు, మందు కల్లు వేరు. పాలమూరు జిల్లాలో, పక్క జిల్లాల్లో దుకాణాల కల్లులో కలిపేది అల్ప్రాజోలం, డైజోఫాం, క్లోరల్ హైడ్రేట్. అల్ప్రాజోలం అంటే ఆందోళనకు డాక్టర్లు లెక్క ప్రకారం, కొద్దిరోజులకే రాసే మాత్ర. అదే సీసాలో లెక్కాపత్రం లేకుండా లోపలికి పోతుంది. వార్డు నుంచి నిద్రమాత్రలతో వచ్చిన పిల్లాడు దాని మీద ఈ కల్లు తాగితే మత్తు ఇంకా ఎక్కువవుతుంది, ఊపిరే మందగించొచ్చు. రోజూ తాగే అలవాటున్నవాడు ఒక్కసారిగా ఆపినా ప్రమాదమే, చేతులు వణుకుతాయి, ఫిట్స్ వస్తాయి. 2015లో కల్తీ కల్లుపై దాడులు జరిగి దుకాణాలు మూతపడ్డప్పుడు మహబూబ్‌నగర్, నిజామాబాద్, మెదక్ జిల్లాల నుంచి ఇలాంటివాళ్లు ఆసుపత్రులకు క్యూ కట్టారు. అందుకే పిల్లాడు కల్లు తాగేవాడైతే ఆ సంగతి డాక్టరుకు దాచకుండా చెప్పాలి. ఇంట్లో తాత రోజూ సీసా తెచ్చుకుంటుంటే, కొన్నాళ్లు దుకాణం దగ్గరే తాగి రమ్మని ఆయనకు నచ్చజెప్పాలి. కష్టమే. మా ఇంట్లో పెద్దాయనతో వారం రోజులు మాటల్లేవు.

రెండో నెలలో ఒక రాత్రి పిల్లాడు ఎర్రటి కళ్లతో వచ్చాడు. బావ చెయ్యెత్తాడు, దించాడు, బండి తీసుకుని పానగల్లు దాకా పోయి గంట తర్వాత వచ్చాడు. ఆ గంటలో అక్క అన్నం పెట్టింది. పిల్లాడు సగం తిని, గంజాయి ఎవరిచ్చారో, ఎక్కడ తాగాడో తనే చెప్పాడు. కొట్టి ఉంటే చెప్పేవాడు కాదు. ఒకసారి జారాడంటే మళ్లీ మొదటికొచ్చినట్టు కాదని, ఆ వారంలోనే డాక్టరును కలిస్తే ఆగుతుందని మాకు అప్పుడే తెలిసింది. షుగర్ పెరిగితే మందు మారుస్తాం కదా, మనిషిని తిట్టం కదా.

ఆ వారం హైదరాబాద్ పోలేదు. ఇక్కడే ప్రభుత్వ పెద్దాసుపత్రిలో మానసిక వైద్యుల ఓపీకి వెళ్లాం. మహబూబ్‌నగర్‌లో 2016లో, నల్లగొండ, సూర్యాపేటల్లో 2019లో, వనపర్తి, నాగర్‌కర్నూల్‌లలో 2022లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు మొదలయ్యాయి. హైదరాబాద్‌లో చూసిన డాక్టరు ఇక్కడి డాక్టరు పేరిట ఒక ఉత్తరం రాసిస్తే, వంద కిలోమీటర్ల ప్రయాణమని విజిట్ మానేసే కుటుంబాలు తగ్గుతాయి. టీబీ మాత్రలు ఆపితే ఆశా కార్యకర్త ఇంటికొచ్చి ఎందుకాపావని అడుగుతుంది. వార్డు నుంచొచ్చిన పదహారేళ్ల పిల్లాడు విజిట్‌కు రాకపోతే కనీసం ఒక ఫోనైనా వెళ్లకూడదా? జిల్లా యంత్రాంగాన్ని నేనడిగేది ఇదొక్కటే. గంజాయి పట్టివేతల ఫొటోలు హైవే మీది ఊళ్ల నుంచి తరచూ పేపర్లో చూస్తున్నాం. ఆ సరుకు తాగి ఆసుపత్రికెళ్లి తిరిగొచ్చిన పిల్లల జాడ మాత్రం ఎక్కడా కనబడదు.

పాలమూరులో ఇంకో చిక్కుంది. అమ్మానాన్న ముంబయికో పుణెకో పనికి పోతే పిల్లాడు నాయనమ్మ దగ్గరో హాస్టల్లోనో ఉంటాడు. అక్కడ మాత్ర చేతిలో పెట్టేదెవరు? ప్లాన్‌లో తల్లిదండ్రుల పేర్లే రాస్తే లాభం లేదు. ఊళ్లోనే ఉండే ఒక చిన్నాన్నో, వార్డెనో, సారో ఒప్పుకుని ముందుకు రావాలి.

పోలీసు కేసవుతుందన్న భయంతో చికిత్స మధ్యలో మానేసేవాళ్లూ ఉన్నారు. సొంతానికి వాడిన కేసుల్లో, తమంతట తాము ప్రభుత్వ లేదా గుర్తింపు ఉన్న ఆసుపత్రిలో చేరి చికిత్స పూర్తి చేసుకునేవారికి మత్తుమందుల కేసులు పెట్టే ఎన్‌డీపీఎస్ చట్టంలోని 64ఏ సెక్షన్ రక్షణ ఇస్తుంది. పిల్లలకు మత్తు ఇచ్చేవాడికైతే జువైనల్ జస్టిస్ చట్టం 77వ సెక్షన్ కింద ఏడేళ్ల దాకా జైలు. భయపడాల్సింది వాడు.

కాలేజీ సంగతి నాకింకా మంటగానే ఉంది. ‘టీసీ తీసుకెళ్లండి, మిగతా పిల్లలు చెడిపోతారు’ అన్నారు. చదువు ఆగిన పిల్లాడికి పొద్దంతా ఖాళీ. ఆ ఖాళీలోకి ఎవరొస్తారో అందరికీ తెలుసు. రెండు కాలేజీలు తిరిగాక మూడోచోట ఒక లెక్చరర్ ఒప్పుకున్నారు. ఆయన పెట్టిన షరతు ఒక్కటే, ‘మనసు బాగోకపోతే క్లాసు మధ్యలో లేచి నా దగ్గరికి రావాలి.’

డిప్రెషన్ అన్న మాట రాకముందే మనకు రంది ఉంది, మనాది ఉంది. మనాదితో మనిషి ఎండిపోతాడని మన అవ్వలకు తెలుసు. అందుకే ఇది పిచ్చి అని, పరువు అని దాచిపెట్టాల్సిన పనిలేదు. మా నల్లగొండ లతీఫ్ సాహెబ్ గుట్ట దర్గాకు మొక్కుకోవాలనుంటే మొక్కుకోండి, మాత్ర మాత్రం ఆపొద్దు. అర్ధరాత్రి ఎవరిని అడగాలో తెలియకపోతే 14416కు ఫోన్ చేయండి. అది కేంద్రం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలి మానస్, రాత్రీ పగలూ తెలుగులోనే మాట్లాడతారు. మత్తు అలవాటు గురించైతే 14446. ఈ రెండు నంబర్లూ అక్క ఫ్రిజ్ తలుపు మీద రాసి అంటించింది.

వచ్చే మంగళవారం మళ్లీ ఓపీ. ఇన్నాళ్లూ అక్కా నేనే తీసుకెళ్లాం. ఈసారి బావ పొలం పని ఆపుకుని తనే వస్తానన్నాడు.