ఆ కార్డు లోను కోసమా, నిలబడటం కోసమా?

ఇవాళ పొద్దున ఎనిమిదిన్నరకి మార్కెట్ సెంటర్‌లో మున్సిపాలిటీ ట్రాక్టర్ వచ్చి ఆగింది. అరటిపళ్ల బండి ఆవిడ మెడలో ఉన్న కార్డు తీసి చూపించింది. మున్సిపాలిటీ ఇచ్చిన కార్డే. ఫోటో ఉంది, నెంబరుంది, కమిషనర్ సంతకం ఉంది. వచ్చినాయన దాన్ని చేతిలోకి కూడా తీసుకోలేదు. "అది లోను కోసం ఇచ్చిందమ్మా, రోడ్డు మీద బండి పెట్టుకోడానికి కాదు" అన్నాడు. బండి ఎక్కించారు, కాటా ఎక్కించారు, గొడుగు కర్ర విరిచి మరీ ఎక్కించారు. బండి ముందు చెక్కకి అంటించిన క్యూఆర్ కోడ్ ట్రాక్టర్ తొట్టిలో తలకిందులుగా కనపడుతూ పోయింది. ఆ స్టిక్కర్ అంటించిన రోజున ఇదే ఆఫీసు మనిషి ఆ బండి పక్కన నిలబడి ఫోటో దిగి వెళ్లాడు.

బండి ఎత్తడం కన్నా ఆ మాటకే ఒళ్లు మండుతోంది. అది ఆయన ఒక్కడి మాట కాదు. చిన్న వ్యాపారికి సాయం అంటే లోను ఇప్పించడమే అని ఆఫీసులో పైనుంచి కిందిదాకా అందరూ నమ్మేశారు. నిలబడే చోటు గురించి ఒక్కడూ నోరు విప్పడు.

2014లో పార్లమెంటు వీధి వ్యాపారుల చట్టం చేసింది. ఆ ఏడాది మే 1 నుంచి అమల్లో ఉంది. ఈ ట్రాక్టర్ సంగతి అందులో రెండు సెక్షన్లతో తేలిపోతుంది. ఆవిడ మెడలో ఉన్నది వెండింగ్ సర్టిఫికెట్, అంటే వీధిలో అమ్ముకోడానికి మున్సిపాలిటీ ఇచ్చే అనుమతి, అనుకుందాం. సెక్షన్ 18 ప్రకారం 30 రోజుల నోటీసు ఇవ్వకుండా ఆ చోటు నుంచి ఆవిణ్ణి కదపకూడదు. కాదు, ఆయన అన్నట్టే అది ఉత్త లోను కార్డు అనుకుందాం. అప్పుడు సెక్షన్ 3 వస్తుంది. ఊళ్లో వీధి వ్యాపారుల సర్వే పూర్తయ్యి సర్టిఫికెట్లు ఇచ్చేదాకా ఏ వీధి వ్యాపారినీ ఖాళీ చేయించకూడదు. సర్టిఫికెట్ ఇవ్వకపోవడం మున్సిపాలిటీ బాకీ. మీ బాకీకి ఆవిడ బండి జప్తు చేస్తారా?

ఎత్తుకెళ్లడానికి కూడా ఒక పద్ధతి పెట్టింది చట్టం. సెక్షన్ 19 చూడండి. ఏమేం తీసుకెళ్తున్నారో జాబితా రాసి, సంతకం పెట్టి, కాపీ ఆ వ్యాపారి చేతికివ్వాలి. పాడైపోయే సరుకైతే అడిగిన రోజే తిరిగివ్వాలి, మిగతావి రెండు పనిదినాల్లో ఇవ్వాలి. ఇక్కడ "అడిగిన" అన్న మాట చాలా ముఖ్యం. జనం ఎత్తుకెళ్లిన బండ్లు పడేసే యార్డు గేటు దగ్గర నిలబడి నోటితో బతిమాలుతారు, అది అడిగినట్టు లెక్కలోకి రాదు. తెల్లకాగితం మీద తేదీ, టైము, చోటు, పోయిన ప్రతి వస్తువూ రాయాలి. "అరటిపళ్లు" అని ఊరుకోకూడదు, ఎన్ని గెలలో, ఎన్ని డజన్లో రాయాలి. కాటా సీరియల్ నెంబరు రాయాలి. తూనికలు కొలతల శాఖ ముద్ర వేసినప్పుడు ఇచ్చిన సర్టిఫికెట్ మీద ఆ నెంబరు ఉంటుంది, ఆ కాటా మీ సొంతమని చెప్పడానికి అదే రుజువు. రెండు కాపీలు తీసుకెళ్లి ఇన్‌వర్డ్‌లో, అంటే ఆఫీసులో కాగితాలు తీసుకునే చోట, ఒకటిచ్చి, రెండోదాని మీద స్టాంపు వేయించుకోవాలి. రుసుము ఏదైనా కట్టమంటే రసీదు అడగాలి. రసీదు ఇవ్వనంటే అది రుసుము కాదు.

జాబితా ఎందుకు రాయరో కూడా చెప్తా వినండి. జాబితా ఉంటే యార్డులో చక్రం పోయినా, బేరింగు పోయినా, కాటా మారిపోయినా ఎవరో ఒకరు జవాబు చెప్పాలి. లేకపోతే ఏ పేచీ లేదు. ఇక పళ్ల సంగతి. ఒక బండి మీద ఇంకో బండి పడేస్తారు, కింద గెలలు నలుగుతాయి, పైన ఎండ. మధ్యాహ్నానికి తొక్క నల్లబడుతుంది, సాయంత్రానికి నీరు కారుతుంది. ఆ సరుకు తెల్లవారుజామున రోజువారీ అప్పు మీద కొన్నది. పొద్దున తొమ్మిది వందలు చేతిలో పెట్టి, రాత్రికి వెయ్యి వసూలు చేసుకునే అప్పు. ట్రాక్టర్ వచ్చిందని ఆ వడ్డీ ఆగదు. ఇవాళ్టి వెయ్యి తీర్చడానికి రేపు ఇంకోచోట తీసుకోవాలి, ఎల్లుండి దానికోసం మరోచోట. పదివేల లోనుతో ఏడాది పాటు పోగేసుకున్నది రెండు ట్రాక్టర్ ట్రిప్పులతో పోతుంది.

అసలు సర్వే దగ్గరే మొదలవుతుంది దరిద్రం. ఐదేళ్లకు ఒకసారైనా సర్వే చేయాలని చట్టం. ఎలా చేస్తారు? పదకొండు గంటలకి బయల్దేరి, ఎండ ముదిరేలోపు ముగిస్తారు. తెల్లారి ఇడ్లీ బండి తొమ్మిదింటికల్లా సర్దేసుకుని వెళ్లిపోయి ఉంటుంది. సాయంత్రం బజ్జీల బండి ఇంకా రానే రాదు. నెత్తిన గంపతో వీధులు తిరిగే ఆకుకూరల మనిషిని "మీ చోటు ఎక్కడ" అని అడిగి, చెప్పలేకపోతే వదిలేస్తారు. తిరిగి అమ్ముకునేవాళ్లకీ వేరే రకం సర్టిఫికెట్ ఉందని సర్వేకి వచ్చిన కుర్రాడికి ఎవరూ చెప్పలేదు. బండి నడిపేది భార్య, పేరు రాసేది భర్తది. ఆయన పోతే భార్యకో, ఆధారపడ్డ పిల్లలకో ఆ సర్టిఫికెట్ వస్తుందని కూడా చట్టంలో ఉంది, కానీ నడిపే మనిషి పేరే మొదట రాస్తే ఆ గొడవే ఉండదు కదా.

ఇవన్నీ చూడ్డానికి టౌన్ వెండింగ్ కమిటీ అని ఒకటి ఉండాలి. కమిషనర్ అధ్యక్షుడు. సభ్యుల్లో కనీసం 40 శాతం మంది వీధి వ్యాపారులు ఎన్నుకున్న వీధి వ్యాపారులే ఉండాలి, వాళ్లలో మూడోవంతు ఆడవాళ్లు. స్వచ్ఛంద సంస్థలకి, స్థానిక సంఘాలకి కనీసం 10 శాతం. ఇంత మంచి కమిటీని కాగితం మీద పెట్టుకుని ఏం చేస్తున్నారు? ఎన్నిక లేదు, మనకి తెలిసినవాళ్లు నలుగురి పేర్లు రాసుకోవడమే. మీటింగు నోటీసు మీటింగు అయిపోయాక వస్తుంది. తెలుసుకోవాలంటే సమాచార హక్కు కింద పది రూపాయలు పెట్టి అడగండి: సర్వే తేదీ, వ్యాపారుల జాబితా, కమిటీ మినిట్స్ కాపీలు, ఊళ్లో ఎక్కడ అమ్ముకోవచ్చో చెప్పే వెండింగ్ ప్లాన్. 30 రోజుల్లో జవాబివ్వాలి. నాలుగూ విడివిడిగా నెంబర్లు వేసి అడగాలి. ఒకే వాక్యంలో కలిపి అడిగితే ఒక్కదానికి జవాబిచ్చి ఫైలు మూసేస్తారు.

"ఇక్కడ నో వెండింగ్ జోన్", అంటే ఇక్కడ అమ్మకూడదు, అని బోర్డు పాతడం ఇంకోటి. సర్వే జరక్కుండా, ప్లాన్ తయారవకుండా ఏ చోటునీ నో వెండింగ్ జోన్ అని ప్రకటించకూడదు. సర్వేలో గుర్తించిన పాత మార్కెట్‌ని అసలు ప్రకటించకూడదు. ఇవి చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్న మాటలు. ఆ బోర్డు పాతినవాళ్లు ఒక్కసారైనా ఆ పేజీ తిప్పారా? పైగా "మీకు వేరే చోటు ఇచ్చాం" అంటారు. ఆ చోటు ఎక్కడంటే, ఊరి చివర లేఅవుట్లో రేకుల షెడ్లు. పూలు గుడి ముందు అమ్ముడవుతాయి. టీ ఆసుపత్రి గేటు దగ్గర అమ్ముడవుతుంది. అరటిపళ్లు బస్సు దిగినవాడు కొంటాడు. వీళ్లలో ఒక్కడు కూడా ఆటో కట్టించుకుని లేఅవుట్‌కి రాడు. అందుకే షట్టర్లు తుప్పు పట్టాయి. దానికి "ఇచ్చినా వెళ్లరు, వీళ్లింతే" అని పేరు.

నడిచేవాళ్లకి దారి కావాలి, నేనూ ఒప్పుకుంటాను. దానికి ట్రాక్టర్ అక్కర్లేదు, ఒక డబ్బా పెయింటు చాలు. గీత గీయండి, గళ్లకి నెంబర్లు వేయండి, ఒక్కో నెంబరు ఒక్కో సర్టిఫికెట్ మీద రాయండి. గీత దాటినవాడిని అప్పుడు పట్టుకోండి. జనాభాలో రెండున్నర శాతం దాకా చోటు చూపించాలన్నది చట్టం పెట్టిన లెక్క. లక్ష జనాభా ఉన్న ఊళ్లో అది 2,500 మంది. మన దగ్గర ఎన్ని గళ్లు గీశారు?

లోను సంగతికొస్తే, పథకం మంచిదే. వీధి వ్యాపారులకి లోను ఇప్పించే కేంద్ర పథకం పీఎం స్వనిధి 2020 జూన్‌లో మొదలైంది, పూచీకత్తు అక్కర్లేదు, వేళకి కడితే 7 శాతం వడ్డీ రాయితీ. మొదట్లో పది, ఇరవై, యాభై వేలు ఉండేది, ఇప్పుడు మొదటి విడత 15 వేలు, రెండోది 25 వేలు చేశారు. కానీ వీధి వీధీ తిరిగి ఫారాలు నింపించింది ఎవరు? పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ మెప్మా ఆర్పీలు, అంటే రిసోర్స్ పర్సన్లు. గౌరవ వేతనం మీద పనిచేసే ఆడవాళ్లు. సర్వే అన్నా వాళ్లే, ర్యాలీ అన్నా వాళ్లే, మీటింగుకి పొదుపు సంఘాల మహిళల్ని తోలుకురావాలన్నా వాళ్లే. ఇవాళ బండి పోగొట్టుకున్న ఆవిడ ఇంటికి వచ్చే నెల "అక్కా, కిస్తీ కట్టలేదేంటి" అని వెళ్లాల్సింది కూడా ఆ ఆర్పీనే. తిట్లు తినేది ఆ పిల్ల, ట్రాక్టర్ పంపినవాళ్లు కాదు. పొదుపు సంఘాలకి మూడు రోజుల ఎగ్జిబిషన్లో టెంటు కింద స్టాలు ఇస్తారు, నాలుగో రోజు టెంటుతో పాటు వాళ్లనీ లేపేస్తారు. ఏడాదిలో మిగతా రోజులు ఆ పచ్చళ్లు, ఆ సంచులు ఎక్కడ పెట్టి అమ్ముకోవాలో ఎవరికీ పట్టదు.

అన్నిటికన్నా మండే సంగతి ఆశీలు, అంటే బండి పెట్టుకున్న చోటుకి తీసుకునే రుసుము. అదే చోట, అదే బండి దగ్గర, ఏళ్ల తరబడి ఆశీలు వసూలు చేశారు. మున్సిపాలిటీయే వేలం పాట పెట్టి కాంట్రాక్టరుకి అప్పగించింది. ఆ చోటుకి డబ్బు తీసుకున్నన్నాళ్లూ అది మార్కెట్టు, ట్రాక్టర్ వచ్చిన రోజు ఆక్రమణ! చీటీ చింపి డబ్బు తీసుకున్న ఆఫీసు, ఆ మనిషి అక్కడ లేనట్టు ఎలా మాట్లాడుతుంది?

కాబట్టి బండి పెట్టుకునే ప్రతి ఒక్కరికీ చెప్పండి, ఆ చీటీలు పారేయొద్దని. తేదీ, చోటు, కాంట్రాక్టరు పేరు ఉన్న చీటీ సర్వేలో "మీరు ఎప్పట్నుంచి ఇక్కడున్నారు" అన్న ప్రశ్నకి జవాబు. చీటీ ఇవ్వకుండా డబ్బు అడిగితే ఇవ్వొద్దు. మిషన్లోంచి వచ్చే చీటీ మీద అచ్చు కొన్ని నెలలకే తెల్లబడిపోతుంది, అందుకే చేతికి వచ్చిన రోజే ఫోటో తీసి పెట్టుకోవాలి. అరటిపళ్ల ఆవిడ దగ్గర చీటీలు ఉన్నాయి, పాత పర్సులో మడిచి పెట్టుకుంది. తీసి చూస్తే సగం తెల్ల కాగితాలే.