పత్తి చేనులో అంగీ, గోల్ఫ్ మైదానంలో అంగీ: ఆ మెసేజ్‌కు నా జవాబు

పది రోజులుగా మహబూబ్‌నగర్ వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరుగుతోంది. నాకు మూడు గ్రూపుల్లో వచ్చింది, మా వదిన విడిగా ఇంకోసారి పంపింది. "జనం బొంబాయి బస్సు ఎక్కి వలసపోతున్న పాలమూరులో ఒకామె ఆడవాళ్ల గోల్ఫ్ బట్టల కంపెనీ పెట్టిందట" అని మొదలవుతుంది. ఆ తర్వాత ఆరు మాటలు. ఆ ఆరింటికీ ఇక్కడ జవాబు చెబుతున్నాను.

ముందే ఒక మాట. ఆ కంపెనీ పెట్టిన అమ్మాయిది దేవరకద్ర దిక్కు. క్లాక్ టవర్ దగ్గర నేను నడిపే కుట్టు సెంటర్‌లోనే మిషన్ నేర్చుకుంది. తర్వాత హైదరాబాద్‌లో బట్టల యూనిట్‌లో ఏడేళ్లు కటింగ్ పని చేసి తిరిగొచ్చింది. నన్ను ఇప్పటికీ "అక్కా" అనే పిలుస్తుంది. కాబట్టి నేను ఆమె పక్షమే. అయినా కింద రాసినవి ఎవరైనా సరిచూసుకోవచ్చు. ఇది ప్రకటన కాదు కాబట్టి బ్రాండ్ పేరు రాయడం లేదు.

"గోల్ఫ్ మగవాళ్ల ఆట. ఆడవాళ్లు ఎక్కడ ఆడతారు?" ఇది మొదటి మాట.

స్కాట్లాండ్‌లోని సెయింట్ ఆండ్రూస్‌లో ఆడవాళ్లు 1867లోనే సొంత క్లబ్బు పెట్టుకున్నారు. బ్రిటన్‌లో ఆడవాళ్ల ఛాంపియన్‌షిప్ 1893లో మొదలైంది. అయితే ఆ ఆటలో మగవాళ్లకు మాత్రమే సభ్యత్వమిచ్చే పెద్ద క్లబ్బులు మొన్నమొన్నటి దాకా ఉన్న మాట నిజం. అమెరికాలోని అగస్టా నేషనల్ 2012లో తొలిసారి ఆడవాళ్లను చేర్చుకుంది. స్కాట్లాండ్‌లోని ముయిర్‌ఫీల్డ్ క్లబ్బు సభ్యులు 2017లో గానీ ఒప్పుకోలేదు. తలుపు మూసి పెట్టినంత కాలం మూసి పెట్టి, ఆడవాళ్లు లోపల కనబడరేం అని అడిగితే ఎట్లా?

మన దేశం సంగతికి వస్తే, 2021 ఆగస్టు 7 గుర్తు చేసుకోండి. నీరజ్ చోప్రా బంగారు పతకం గెలిచిన రోజు. అదే రోజు పొద్దున టోక్యో ఒలింపిక్స్‌లో బెంగళూరు అమ్మాయి అదితి అశోక్ గోల్ఫ్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. ఒకే ఒక్క షాట్ తేడాతో పతకం పోయింది. ఆ పోటీలో ఆమె గోల్ఫ్ కర్రల బ్యాగు మోసింది వాళ్లమ్మ. 2022లో బ్రెజిల్‌లో జరిగిన బధిరుల ఒలింపిక్స్‌లో దీక్షా డాగర్ గోల్ఫ్ స్వర్ణం తెచ్చింది. ఆడవాళ్లు ఆడరన్న మాటకు ఇక్కడితో చెల్లు.

రెండో మాట: "మగవాళ్ల టీషర్ట్‌లోనే చిన్న సైజు కొనుక్కుంటే సరిపోదా? దానికో కంపెనీ కావాలా?"

ఇది బట్ట కుట్టడం తెలియని మాట. దీని మీద నాకు కోపం కూడా ఉంది.

అసలు ఈ పని ఎట్లా మొదలైందో చెబుతాను. ఆ అమ్మాయి హైదరాబాద్‌లో ఉండగా గోల్ఫ్ ఆడే ఒక డాక్టరమ్మ మగవాళ్ల టీషర్ట్ పట్టుకొచ్చి, "భుజాలు తగ్గించమ్మా" అని అడిగిందట. భుజం తగ్గిస్తే ఛాతీ దగ్గర పట్టేసింది. ఛాతీకి సరిపోయే సైజు తీసుకుంటే భుజం కుట్టు మోచేతి వైపు జారింది. రెండూ ఎట్లాగో సర్దితే తుంటి దగ్గర బిగుసుకుంది. మగ కొలతలో గీసిన బట్టను ఎంత చిన్నది చేసినా అది చిన్న మగవాడికి సరిపోతుందే తప్ప ఆడమనిషికి సరిపోదు.

జాకెట్లు కుట్టేవాళ్లకు ఈ సంగతి విడమరిచి చెప్పక్కర్లేదు. చంక లోతుగా దించితే చెయ్యి లేపినప్పుడల్లా జాకెట్టు మొత్తం పైకి లేస్తుంది. చంక పైకి ఉండి, చెయ్యి మలుపు సరిగా పడితే, చెయ్యి ఎటు తిప్పినా నడుము దగ్గర బట్ట కదలదు. గోల్ఫ్‌లో బంతి కొట్టేటప్పుడు రెండు భుజాలూ దాదాపు లంబకోణం దాకా తిరుగుతాయి, నడుము అందులో సగం తిరుగుతుంది. ఒక చెయ్యి ఛాతీకి అడ్డంగా వస్తుంది. అంత తిప్పుడులో బట్ట వీపు మీద పట్టకూడదు, ముందు ముడతపడి కంటికి అడ్డం రాకూడదు, కింద నుంచి బయటికి రాకూడదు. అందుకే వీపు మీద మడత, భుజం కుట్టు కాస్త ముందుకు, చంక కింద సాగే గుడ్డ ముక్క. ఆ ముక్క కొలత కుదరడానికి ఆ అమ్మాయి పదకొండు నమూనాలు కుట్టి విప్పింది. వాటిలో నాలుగు నా మిషన్ మీదే కుట్టింది.

జేబు సంగతి కూడా చూడండి. గోల్ఫ్ బంతి అడ్డుకొలత 42.67 మిల్లీమీటర్ల కంటే తక్కువ ఉండకూడదని ఆట నియమం. ఆ బంతి పట్టాలి, బంతిని నిలబెట్టే టీ పుల్లలు పట్టాలి, చేతి గ్లోవ్ పట్టాలి, వంగితే ఏదీ కింద పడకూడదు. ఆడవాళ్ల ప్యాంట్లకు వచ్చే జేబుల్లో నాలుగు వేళ్లు కూడా దూరవు, కొన్నింటికి జేబు గీత మాత్రమే ఉంటుంది, లోపల సంచి ఉండదు. పద్దెనిమిది గుంతలూ నడిచి ఆడితే నాలుగు గంటల పైన ఎండలో ఉండాలి, ఏడెనిమిది కిలోమీటర్ల నడక. జేబు లేని బట్టలో ఆ పని చేయమనడం ఏం న్యాయం?

ఇంకో మాట రాయకుండా ఉండలేను. మన పత్తి చేలల్లో ఏరేటప్పుడు ఆడవాళ్లు చీర మీద ఏం వేసుకుంటారు? పెనిమిటి పాత అంగీ. ఎండకు చేతులు కాలకుండా, పత్తికాయ మొనలు గీరుకోకుండా. ఆ అంగీ భుజాలు మోచేతుల దాకా వేలాడతాయి, చేతులు రెండు మడతలు వేసుకుంటారు, చంక కింద చెమట కట్టుకుని ఒరుసుకుపోతుంది. మా అమ్మ అట్లనే ముప్పై ఏళ్లు చేసింది. ఆమె చేసే పనికి ఆమె ఒంటికి కుదిరే అంగీ కుట్టాలని మా ఇంట్లో ఎవరికీ తట్టలేదు. కుట్టు నేర్పే నాకు కూడా తట్టలేదు. చేనులో కూలికి పోయే ఆమె, గోల్ఫ్ ఆడే డాక్టరమ్మ, ఇద్దరూ మగవాడి అంగీతోనే సర్దుకుంటున్నారు. వాళ్ల మధ్య డబ్బులో ఉన్న తేడా నాకు తెలుసు. అయినా ఆ అమ్మాయి గీసిన చంక కొలతతోనే మొన్న చేనుకు పోయే ఇద్దరికి కాటన్ అంగీలు కుట్టి ఇచ్చాం. ఆడమనిషి భుజాన్ని గమనించడంతోనే పని మొదలవుతుంది. ఆలేరు దగ్గరి చింతకింది మల్లేశం ఆసు యంత్రం (నేతకు ముందు నూలును మేకుల చుట్టూ తిప్పే యంత్రం) చేసింది ఎందుకు? ఆసు పోయడానికి రోజుకు వేలసార్లు చెయ్యి తిప్పి తిప్పి తల్లి లక్ష్మి పడే భుజం నొప్పి చూడలేక. 1999లో యంత్రం తయారైంది, 2017లో పద్మశ్రీ వచ్చింది.

మూడో మాట: "పాలమూరులో గోల్ఫ్ మైదానమే లేదు, ఎవరు కొంటారు?"

లేదు, నిజమే. హైదరాబాద్‌లో గోల్కొండ కోట పక్కన ఒకటి ఉంది, గచ్చిబౌలి వైపు ఇంకోటి ఉంది. ఇక్కడి నుంచి వంద కిలోమీటర్లు, పొద్దున బండెక్కితే కాచిగూడలో దిగొచ్చు. బెంగళూరుకు, ఢిల్లీకి పార్సిల్ పోతుంది. గద్వాల చీరలు గద్వాలలోనే అమ్ముడుపోవాలంటే మగ్గాలు ఎన్నడో ఆగిపోయేవి. చీరాలలో పుట్టి నల్లగొండ దిక్కు పుట్టపాకలో నిలిచిన తేలియా రుమాలు అనే చేనేత గుడ్డ ఒకప్పుడు అరబ్బు దేశాలకు పోయేది. నేసినవాళ్లలో ఎవరూ అరబ్బు తలపాగా చుట్టలేదు. చేసే చోటు, వాడే చోటు వేరు కావడం మన జిల్లాలకు కొత్తేం కాదు.

నాలుగోది: "ఇకత్ డిజైన్ వాడుకుని నేతన్నల పొట్ట కొడుతోంది." ఈ మాటలో సగం న్యాయం ఉంది, అందుకే జాగ్రత్తగా రాస్తున్నాను.

పాలిస్టర్ గుడ్డ మీద ఇకత్ బొమ్మ అచ్చు వేసి పోచంపల్లి అని అమ్మితే అది మోసమే. పోచంపల్లి ఇకత్‌కు భౌగోళిక గుర్తింపు ఉంది, తేలియా రుమాలుకు 2020లో వచ్చింది. నూలుకు ముందే ముడులు కట్టి రంగు అద్ది నేస్తే బొమ్మ రెండు వైపులా పడుతుంది, అంచు కొంచెం చెదిరినట్టు ఉంటుంది. అచ్చు వేసిన దానికి వెనక వైపు వెలవెలబోతుంది. మొదట్లో ఆ అమ్మాయి కూడా అచ్చు వేయిద్దామనే అనుకుంది. నేను వద్దన్నాను, రెండు రోజులు మాటల్లేవు. ఇప్పుడు ఒంటి గుడ్డంతా సాదా పాలిస్టర్ అల్లిక, కాలర్ లోపలి పట్టీకి, గుండీల పట్టీకి మాత్రం పుట్టపాకలో నేసిన నూలు గుడ్డ.

"మొత్తం చేనేతలోనే కుట్టొచ్చుగా" అని కొందరు అడుగుతున్నారు. నూలు చెమటను తాగుతుంది, తొందరగా వదలదు. నాలుగు గంటల నడకలో అది తడిసి బరువెక్కి ఒంటికి అంటుకుంటుంది. ఇంకో చిక్కు, నూలు ఉతికితే ముడుచుకుంటుంది, పాలిస్టర్ ముడుచుకోదు. పట్టీ గుడ్డను ముందే నానబెట్టి, ఆరేసి, ఆ తర్వాత కత్తిరించకపోతే మొదటి ఉతుకుడుకే కాలర్ చుట్టలు తిరుగుతుంది. మొదటి ముప్పై అంగీలు అట్లనే పాడయ్యాయి. అవి అమ్మలేదు.

ఐదోది ధర. "నూటయాభైకి దొరికే టీషర్ట్ రెండు వేలా? దోపిడీ."

అల్లిక గుడ్డ కిలోల లెక్కన కొనాలి. ఇట్లాంటి గుడ్డ కిలోకి నాలుగు అంగీలు, గట్టిగా కత్తిరిస్తే ఐదు. ఐదు సైజులు, మూడు రంగులు అంటే పదిహేను రకాలు. ఒక్కో రకం ఇరవై కుట్టినా మూడు వందల అంగీల గుడ్డ, ఒక్కటి అమ్ముడుపోక ముందే కొనిపెట్టాలి. ఆపైన సరిపోలేదని తిరిగొచ్చే పార్సిళ్లు, ట్రేడ్‌మార్కు దరఖాస్తు, సాగే గుడ్డ కుట్టే ఫ్లాట్‌లాక్ మిషన్ కిస్తీ, నలుగురు ఆడవాళ్ల కూలి. ఆ నలుగురికీ అంగీకి ఇంత అని కాకుండా నెలకు ఇంత అని ఇస్తోంది, నమూనా విప్పి మళ్లీ కుట్టిన రోజు కూడా కూలి పడాలని. 2025 సెప్టెంబర్ 22 నుంచి 2,500 రూపాయల లోపు బట్టలకు జీఎస్టీ 5 శాతం, అది దాటితే 18 శాతం. ధరను దాని లోపే ఉంచడానికి ఆమె లైనింగ్ తీసేసింది, జేబు మాత్రం తీయలేదు. నూటయాభై అంగీ వద్దని ఎవరూ అనడం లేదు, కావలసినవాళ్లు అదే కొనుక్కోవచ్చు.

ఆరో మాటలో రెండు కలిపారు. ఒకటి పొట్టి స్కర్టులు, సంస్కృతి. ఆమె కుట్టే స్కర్టుకు లోపల నిక్కరు కలిపే ఉంటుంది, దానితో పాటు చీలమండ దాకా ప్యాంటు, నిండు చేతుల అంగీ కూడా ఉన్నాయి. కొనే ఆమెకు ఏది నచ్చితే అది. రెండోది, "సబ్సిడీ తిని ఏడాదిలో మూసేస్తుంది." ఆమె తీసుకున్నది ముద్ర లోను. అందులో సబ్సిడీ లేదు, వడ్డీతో కట్టాల్సిన అప్పు. ఇప్పటిదాకా ఏ కిస్తీ తప్పలేదు, ఆ పుస్తకం నేను చూశాను.

మూతపడుతుందా లేదా అన్నది నా చేతిలో లేదు, ఆమె చేతిలో కూడా పూర్తిగా లేదు. మూతపడినా ఆ నలుగురికి సాగే గుడ్డ మీద కుట్టు పోకుండా వేయడం వచ్చింది, మా సెంటర్‌లో ఇప్పటిదాకా ఎవరూ నేర్వని పని అది. వచ్చే సోమవారం నుంచి మధ్యాహ్నం బ్యాచ్‌కు ఆ చంక కటింగ్ నేర్పిస్తున్నాను. మెసేజ్ రాసినవారు కూడా రావచ్చు, అంగీ తిరగేసి లోపలి కుట్టు చూపిస్తాను.