ఏమండీ, ఒకసారి ఇటు రండి

ఇది నిన్న జరిగింది. చెవులు ఇంకా వేడిగానే ఉన్నాయి, అందుకని ముందూ వెనకా సర్దకుండా చెప్పేస్తున్నాను.

నేను నర్సుని, జీఎన్ఎం అనే నర్సింగ్ కోర్సు చదివినదాన్ని. ఎనిమిదేళ్ళు వార్డుల్లో, ఎక్కువగా నైట్ డ్యూటీల్లో గడిపి, 2013లో మావాడు పుట్టాక మానేశాను. ఉద్యోగం మానేశాను గానీ రిజిస్ట్రేషన్ మానలేదు. "పని చెయ్యనిదానికి ఆ కాగితం దేనికే?" అని మా అత్తగారు ఐదేళ్ళకోసారి అడుగుతారు. సరిగ్గా రెన్యువల్ వచ్చినప్పుడే. "పెట్టుకోకపోయినా నగలకి లాకరు అద్దె కట్టట్లేదా అత్తయ్యా?" అంటే ఊరుకుంటారు.

రెన్యువల్ అంటే ఫీజు కట్టి వచ్చేయడం కాదు. ఐదేళ్ళలో 150 గంటల సీఎన్ఈ చూపించాలి. కంటిన్యూయింగ్ నర్సింగ్ ఎడ్యుకేషన్ అన్నమాట, అంటే చదువు మర్చిపోకుండా మళ్ళీ మళ్ళీ క్లాసుల్లో కూర్చోవడం. ఉద్యోగంలో ఉన్నవాళ్ళకి చాలాచోట్ల ఆసుపత్రిలోనే క్లాసు పెడతారు, టీ బిస్కెట్లు ఇచ్చి మరీ. ఇంట్లో ఉన్నదానికి ఎవరు పెడతారు? డబ్బులు కట్టి, ఎక్కడ పెడుతున్నారో వెతుక్కుని, మనమే పోవాలి. అసలు నేను ప్రాక్టీసులో లేనని ఎవరన్నారో నాకు తెలియదు. మూడో అంతస్తు మామ్మగారికి రోజూ సాయంత్రం బీపీ చూసేది నేను. ఎదురింటాయనకి ఇన్సులిన్ సూది నేను. వాచ్‌మన్ కొడుకు మోకాలికి డ్రెస్సింగ్ నేను. రాత్రి పదకొండింటికి "జ్వరం 102 ఉంది సిస్టర్, మళ్ళీ మాత్ర వెయ్యొచ్చా?" అని ఫోన్లు వచ్చేదీ నాకే. వీటికి గంటలు కలపరు. కలిపితే ఈపాటికి వాళ్ళే నాకు బాకీ పడేవాళ్ళు.

సరే, బేసిక్ లైఫ్ సపోర్ట్ వర్క్‌షాప్ ఒకటి దొరికింది, అంటే గుండె ఆగిన మనిషిని ఎలా కాపాడాలో బొమ్మ మీద నేర్పే క్లాసు. ఒక్క రోజు, ఆరు గంటలు. తెల్లవారుజామునే లేచి పులిహోర కలిపి, క్యారేజీలు సర్ది, తెనాలిలో రైలెక్కి వెళ్ళాను. హాజరు పట్టీలో 'పనిచేస్తున్న సంస్థ' అని ఒక గడి ఉంది. ఖాళీగా వదిలేస్తే కుదరదంది అక్కడి అమ్మాయి. 'హోమ్' అని రాశాను. ట్రైనర్ కుర్రాడు, ముప్పై ఉంటాయేమో, దాన్ని చదివి ఎంతో గౌరవంగా, "ఓల్డేజ్ హోమా మేడమ్?" అన్నాడు. మా అత్తగారు గుర్తొచ్చి, కాదని గట్టిగా అనలేకపోయాను.

హాల్లో నలభై మంది. అందరూ ఇరవై రెండు, ఇరవై మూడేళ్ళ పిల్లలు. నేల మీద బొమ్మ. కాళ్ళు లేవు, నడుము దాకానే ఉంది. పైన నీలం జాకెట్, జిప్పుతో. ఈ బొమ్మ మొహానికి ఓ కథ ఉంది, మాకు ట్రైనింగులోనే చెప్పారు. పారిస్‌లో సెన్ నదిలో మునిగి చనిపోయిందని చెప్పుకునే ఓ పేరు తెలియని అమ్మాయి మొహానికి అచ్చు తీశారట. 1960లో నార్వేలో బొమ్మలు చేసే ఆయన ఆ అచ్చు చూసే ఈ మొహం చేశాడు. పాపం, అప్పటి నుంచీ లోకంలోని నర్సులూ డాక్టర్లూ అందరూ ఆ పిల్ల గుండె మీద చేతులు వేసి నొక్కుతూనే ఉన్నారు. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, అది ఆడపిల్ల అని నాకు తెలుసు. బాగా తెలుసు. గుర్తుంచుకోండి.

"సీనియర్ మేడమ్ మొదలుపెడతారు" అన్నాడు ట్రైనర్. చప్పట్లు కూడా కొట్టించాడు. మొదటి మెట్టు అందరికీ వచ్చిందే: మనిషి స్పందిస్తున్నాడో లేదో చూడాలి. రెండు భుజాలూ తట్టి, గట్టిగా పిలవాలి. అంతే. పదేళ్ళ పిల్లాడైనా చేస్తాడు.

నేను మోకాళ్ళ మీద కూర్చున్నాను. రెండు భుజాలూ తట్టాను. ఇక్కడే వచ్చింది చిక్కు. ఈ పన్నెండేళ్ళలో నేను భుజం తట్టి లేపింది ఒక్కణ్ణే. అందులో నాకున్న అనుభవానికి ఏ కౌన్సిలూ సర్టిఫికెట్ ఇవ్వదు గానీ, నాకో పద్ధతంటూ ఉంది. మొదట బుజ్జగింపు. తర్వాత ఫ్యాన్ ఆపడం. మూడోది దుప్పటి లాగడం. నాలుగోది వాళ్ళ నాన్న పేరు చెప్పి బెదిరించడం. దీనికి స్పందించని ప్రాణిని నేను ఇంతవరకూ చూడలేదు.

నోరు దానంతటదే తెరుచుకుంది.

"లే నాన్నా, ఏడున్నరైంది."

ఎవరో కిసుక్కుమన్నారు. అక్కడ ఆగితే సరిపోయేది. కానీ బొమ్మ లేవలేదు. లేవకపోయేసరికి నాకు రోజూ వచ్చే కోపమే వచ్చింది. "ఒరేయ్, నిన్నేరా! బస్సు వచ్చేస్తుంది, నీళ్ళు చల్లారిపోతున్నాయి!" అంటూ జాకెట్ పట్టుకుని ఒక్క లాగు లాగాను. జిప్పు సర్రున ఊడింది. గుండె ఆగిపోయిన మనిషికి, అదీ ఆడపిల్లకి, అదీ ఎప్పుడో నీళ్ళలో మునిగి పోయిందంటున్న పిల్లకి, స్నానం నీళ్ళు చల్లారిపోతున్నాయని చెబుతున్నాను నేను. నలభై మంది ముందు. ఫ్యాన్ ఎక్కడుందా అని పైకి కూడా చూశానని తర్వాత పక్కనున్న పిల్ల చెప్పింది. అది అబద్ధమని ఇప్పటికీ నా వాదన.

ట్రైనర్ నవ్వలేదు. అదే ఇంకా బాధ. నవ్వితే కలిసి నవ్వి బయటపడేదాన్ని. కాగితం చూసుకుంటూ, "స్పందన లేదు మేడమ్. నెక్స్ట్, సహాయం కోసం పిలవండి" అన్నాడు.

"ఎవరైనా రండి, 108కి ఫోన్ చెయ్యండి" అనాలి. తెలుసు. పొద్దున రైల్లో బట్టీ పట్టాను కూడా. కానీ సహాయం అనగానే నా గొంతులోంచి పన్నెండేళ్ళుగా వచ్చే మాట ఒక్కటే.

"ఏమండీ! ఒకసారి ఇటు రండి!"

హాలు మొత్తం ఒక్క క్షణం నిశ్శబ్దం. పాపం ఆ ట్రైనర్ కుర్రాడు, ఏ సంస్కారమో ఏమో, "ఆఁ" అని ఒక అడుగు ముందుకు వేశాడు. వేసి ఆగిపోయాడు. చెవులు ఎర్రబడ్డాయి. అప్పుడు పేలింది హాలు. వెనక బెంచీ పిల్లలు బల్లల మీద తలలు పెట్టుకుని మరీ నవ్వారు.

తర్వాత నాడి చూశాను, గుండె మీద నొక్కాను, ఊపిరి ఇచ్చాను. నిమిషానికి 100 నుంచి 120 సార్లు, కనీసం 5 సెంటీమీటర్ల లోతుకి నొక్కాలి. అన్నీ సరిగ్గా పడ్డాయిట. చపాతీ పిండి కలిపే భుజాలు మరి. ఇంకో మాట, మేం చదువుకున్నప్పుడు ముందు ఊపిరిదారి, ఊపిరి, ఆ తర్వాతే గుండె. 2010లో ఆ వరస మారి గుండె నొక్కడం ముందుకొచ్చింది. అప్పుడు నేను ఉద్యోగంలోనే ఉన్నాను, ఒక్కరూ చెప్పలేదు. ఇంట్లో కూర్చున్నాక, డబ్బులు కట్టించుకుని చెబుతున్నారు. సరే, నేర్చుకున్నాను. కానీ అదెవరు చూశారు? భోజనాల దగ్గర పిల్లలంతా ఒకరినొకరు "ఏమండీ, సాంబార్ ఇటు రండి" అనుకుంటున్నారు.

సర్టిఫికెట్ సాయంత్రం ఇచ్చారు. ఇంటిపేరు పెళ్ళయ్యాకది వేశారు. నా రిజిస్ట్రేషన్ పుట్టింటి పేరు మీద ఉంది. ఫారంలో రెండూ రాశాను, పెద్ద అక్షరాలతో. "మార్చాలంటే మెయిల్ పెట్టండి ఆంటీ" అంది ఆ గడి నింపించిన అమ్మాయే. పొద్దున మేడమ్, సాయంత్రానికి ఆంటీ. ఆరు గంటలు, పోనూరానూ ఛార్జీలు, చెడిన పరువు. ఆ ఇంటిపేరు మారితే, ఇంకా 144 గంటలు.

రాత్రి మావారికి చెప్పాను. బొమ్మ సంగతి దాచేద్దామనుకున్నాను గానీ ఆగలేక మొత్తం చెప్పేశాను. టీవీ సౌండు తగ్గించి మరీ విన్నారు. ఆయన నవ్వు తగ్గడానికి చాలాసేపు పట్టింది. కళ్ళు తుడుచుకుని, "అయితే, వచ్చాడా?" అన్నారు.

"ఒక అడుగు వేశాడు. మీరు ఆ మాత్రం కూడా వెయ్యరు" అన్నాను.

మళ్ళీ టీవీ సౌండు పెంచారు.