రెండు మీటర్ల రాజద్రోహం

విజయనగరం పౌరులకు హెచ్చరిక. మన ఊళ్లో కొందరు ఆడవాళ్లు తలుపులు దగ్గరగా వేసుకుని లంగాలు కుట్టేసుకుంటున్నారు. పోనీ టైలరింగ్ సెంటరుకి వెళ్లి నేర్చుకున్నవాళ్లా అంటే కాదు. పేపర్ కటింగ్, అంటే ముందు కాగితం మీద నమూనా కత్తిరించుకోవడం, చేశారా అంటే అదేమిటని అడుగుతున్నారు. గుడ్డ నేల మీద పరవడం, టేపు పెట్టడం, సుద్దతో రెండు గీతలు గీయడం, కత్తెర వేసేయడం. స్కర్టు అనండి, పరికిణీ అనండి, లోపలి లంగా అనండి, అన్నిటికీ ఇదే తంతు. కంటోన్మెంట్ నుంచి కోట దాకా ఈ జాడ్యం పాకింది. గంటస్తంభం వైపు వెళ్లినప్పుడు గమనించండి, అంగుళం వెడల్పు ఎలాస్టిక్కు మీటర్ల లెక్కన కొనే ప్రతి మనిషినీ అనుమానించాల్సిన రోజులొచ్చాయి.

నేరం ఎలా జరుగుతుందో వివరంగా తెలిస్తే గానీ తీవ్రత అర్థం కాదు. కాబట్టి చెబుతున్నాను, చదివి మరిచిపోండి. 44 అంగుళాల పన్నా (వెడల్పు) ఉన్న కాటన్ గుడ్డ రెండు మీటర్లు తెస్తారు. ముందు దాన్ని నీళ్లలో నానబెట్టి ఆరేస్తారు, కుట్టాక ఉతికితే కురచైపోకుండా. (ముందస్తు పథకం అనడానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?) నడుం నుంచి కావలసిన పొడవు 34 అంగుళాలు అనుకుందాం. కింద మడతకి రెండు, పైన ఎలాస్టిక్కు దూర్చే మడతకి ఒకటిన్నర కలుపుతారు. 37.5 అంగుళాల ముక్కలు రెండు కత్తిరిస్తారు. రెండు పక్కలా కుట్టేస్తారు. పైన పావు అంగుళం లోపలికి మడిచి, మళ్లీ అంగుళంపావు మడిచి కుడతారు, రెండు అంగుళాల సందు మాత్రం వదిలి. నడుం కొలత కంటే రెండు అంగుళాలు తక్కువగా ఎలాస్టిక్కు కోసి, ఒక కొసకి పిన్నీసు పెట్టి ఆ సందులోంచి తోస్తారు. రెండో కొస కూడా లోపలికి జారిపోకుండా గుడ్డకి ఇంకో పిన్నీసు గుచ్చి ఉంచుతారట. చుట్టూ తిరిగొచ్చాక కొసలు కలిపి కుట్టి, సందు మూసేసి, కింద అంచు మడిచేస్తారు. అంతే. మధ్యాహ్నం భోజనాలయ్యాక మొదలుపెట్టినవాళ్లు టీ వేళకి అది కట్టుకుని వీధిలో తిరుగుతున్నారు.

ఇందులో కాగితానికి చోటెక్కడ? నడుం వంపు, తుంటి వంపు లెక్కగట్టే పనంతా కుచ్చులే చూసుకుంటాయి. ఒళ్లు కాస్త పెరిగినా తగ్గినా ఎలాస్టిక్కు సర్దుకుంటుంది. దుకాణంలో రెడీమేడ్ లంగా కొంటే మనిషే దానికి తగ్గట్టు మారాలి. ఎం సైజు పట్టకపోతే సిగ్గుపడాలి, ఎల్ పట్టకపోతే బెంగపెట్టుకోవాలి, ఎక్సెల్ దాకా వెళ్తే రాత్రి చపాతీలతో సరిపెట్టుకోవాలి. సమాజం ఇంత క్రమశిక్షణతో నడుస్తుంటే, లంగాయే మనిషికి తగ్గట్టు మారుతుందనడం ఎంత అరాచకం!

ఇక అసలు దెబ్బ తగిలేది దర్జీ దుకాణం గుమ్మానికి. ఆ గుమ్మం ముందు నిలబడి మన ఆడవాళ్లు ఎంత ఓర్పు నేర్చుకున్నారు! దసరాకి ముందు ఇచ్చిన గుడ్డ, విజయదశమి వెళ్లిన మంగళవారం పైడితల్లి అమ్మవారి పండగలో పూజారి కూర్చునే పొడవాటి సిరిమాను కదిలే వేళకి చేతికందాలి. "రేపు రండమ్మా, కాజాలొక్కటే ఉండిపోనాయి" అంటాడు ఆయన. ఎలాస్టిక్కు లంగాకి కాజాలేమిటని అడిగేంత అమర్యాద మనవాళ్లకి ఉండేది కాదు. కోటకీ గుడికీ మధ్య సిరిమాను మూడుసార్లు తిరుగుతుంది. దర్జీ దుకాణానికి అంతకంటే ఎక్కువే తిరిగి, చివరికి సంక్రాంతికి లంగా తెచ్చుకునేవారు. అప్పటికి అది రెండు అంగుళాలు పొట్టిగా ఉండేది. గుడ్డ సరిపోలేదనేవాడు. వాళ్లు తలూపేవారు. ఇప్పుడు తలూపడం లేదు. పొడవు ఇంత, మడత ఇంత, రెండు మీటర్లలో ఇంకా మూడు అంగుళాలకి పైగా మిగలాలి, అది ఏదీ అని నిలదీస్తున్నారు.

లెక్కలొచ్చిన ఆడవాళ్లతో ఇంకో ప్రమాదం ఉంది. వృత్తం చుట్టుకొలతని పై (π)తో ముడిపెట్టే సూత్రం హైస్కూల్లో అందరికీ చెప్పారు. పరీక్షలో రాయడానికి చెప్పారు, బతుకులో వాడమని కాదు. మా మరదలు వాడేసింది. పాప తుంటి చుట్టుకొలత 24 అంగుళాలు, దాన్ని 6.28తో, అంటే రెండు పైలతో, భాగిస్తే వ్యాసార్ధం 3.8. ఎలాస్టిక్కు లంగా తుంటి దాటి పైకెక్కాలి గనక నడుం కొలత కాదు, తుంటి కొలతే తీసుకోవాలట. 44 అంగుళాల చదరపు గుడ్డని నాలుగు మడతలు వేసింది. మడతలు కలిసే మూల నుంచి టేపు తిప్పుతూ 3.8 దగ్గర ఒక గీత, అక్కడి నుంచి 17 అంగుళాల దగ్గర ఇంకో గీత గీసింది. కత్తిరించి విప్పితే గుండ్రటి గొడుగు లంగా! నడుముకి విడిగా పట్టీ వేసి ఎలాస్టిక్కు దూర్చింది. కింద అంచు మాత్రం వెంటనే మడవలేదు. ఏటవాలుగా వచ్చిన చోట గుడ్డ సాగుతుందని రాత్రంతా కొక్కేనికి తగిలించి, తెల్లారాక ఎగుడుదిగుళ్లు సరిచేసి అప్పుడు మడిచింది. ఆ పాప ఇప్పుడు గిరగిరా తిరిగి కూలబడుతోంది. గణితశాస్త్రానికి జరిగిన ఈ అవమానం మీద ఉపాధ్యాయ లోకం ఎందుకు మౌనంగా ఉందో నాకు తెలియడం లేదు.

దీనికంతటికీ మూలపురుషులు, అదే, మూలస్త్రీలు, మన అమ్మమ్మలే. పాత పట్టుచీర కోసి మనవరాలికి పరికిణీ కుట్టేవారు. చీర అంచే కింద అంచు, మడిచే పని కూడా లేదు. పైగా గుంట ఎదుగుతుందని పొడవుగా కత్తిరించి, ఆ పొడవంతా అడ్డంగా టక్కులు వేసి దాచేవారు. ఏటా ఒక టక్కు విప్పితే చాలు, పరికిణీ పిల్లతో పాటు పెరిగేది. బట్టల మాల్ పెట్టినవాళ్లు ఇది వింటే కళ్లు తిరిగి పడిపోతారు. ఒక పరికిణీ నాలుగేళ్లు కట్టుకుంటే ఆషాఢం డిస్కౌంట్లు ఎవరికోసం పెట్టాలి?

నా వాదనకి అడ్డం వచ్చేవాళ్లూ లేకపోలేదు. "1919లో పెట్టిన మన సంగీత కళాశాలలో కాగితం చూడకుండా రాగం పాడితే మనోధర్మం అని తల వంచుతారు, కాగితం లేకుండా గుడ్డ కోస్తే మాత్రం తప్పా?" అని మా ఆవిడే అడిగింది. రాగం పాడితే గుడ్డ వృథా కాదని సమాధానం చెప్పాను. "శ్రీకాకుళం జిల్లా పొందూరులో వాలుగ చేప దవడతో పత్తి ఏకి అంత సన్నని ఖద్దరు నేస్తున్నారే, ఆ దవడ ఎలా పట్టుకోవాలో ఏ కాగితం మీద రాసుంది?" అంది. దానికి సమాధానం ఆలోచిస్తున్నాను. దర్జీ మాత్రం కాగితం వాడతాడా, గుడ్డ మీదే సుద్దతో గీసేస్తాడు కదా అన్నది ఆవిడ మూడో ప్రశ్న. ఆయన వాడకపోతే అనుభవం, మీరు వాడకపోతే దుస్సాహసం అన్నాను. ఈ తేడా ఆడవాళ్లకి ఎప్పటికి తెలిసొస్తుందో.

ఉద్యమానికి మద్దతు కూడగడదామని దర్జీ దగ్గరికే వెళ్లాను. మీ పొట్ట కొడుతున్నారయ్యా, మనమంతా ఒక్కటవ్వాలి అన్నాను. ఆయన మెషీన్ ఆపలేదు. "జాకెట్లే కుట్టలేక సస్తన్నాను బాబూ. లంగాకి ఏటొస్తాది? ఆళ్లే కుట్టుకుంటే నాకు పీడ ఇరగడైపోద్ది" అన్నాడు. అన్నేళ్లపాటు జనం చేత గుమ్మం ముందు పడిగాపులు కాయించింది అక్కర్లేని పనికన్నమాట. నిజం చెప్పాలంటే, దారం ఖర్చులు పోను లంగా మీద ఆయనకి మిగిలేది టీ డబ్బులే. మెడ వంచి రోజంతా కుట్టే మనిషిని తప్పుపట్టడానికి నాకే నోరు రాలేదు. పైగా వచ్చేటప్పుడు ఒక సంచీ చేతిలో పెట్టాడు. "జాకెట్ ముక్కలు బాబూ, అమ్మగారికియ్యండి, జేబులకి పనికొస్తాయి" అన్నాడు. శత్రువుకి ఆయుధాలు నా చేతే మోయించాడు!

జేబు సంగతి ఇంతదాకా దాచాను, ఎందుకంటే అసలు ముప్పు అక్కడే ఉంది. దుకాణాల్లో కొన్న లంగాలకి జేబులుండవు, ఉన్నా రూపాయి బిళ్ల పట్టదు. అది లోపమనుకునేరు, కాదు, కట్టుబాటు. ఆడవాళ్ల ఫోను, తాళాలు, డబ్బులు పక్కనున్న మగాడి జేబులో ఉండాలి, అప్పుడే వాళ్లు అతని వెనక నడుస్తారు. ఇంట్లో కుట్టినవాళ్లు పక్క కుట్టు వేసేటప్పుడే, అరచెయ్యి పెట్టి చుట్టూ సుద్దతో గీసి, ఆ ఆకారంలో రెండు ముక్కలు కోసి లోపల కుట్టేస్తున్నారు. పక్క కుట్టులో కలిసిపోతుంది, బయటికి కనపడదు. మా అత్తగారు లోపలి లంగాకి జిప్పు జేబే పెట్టుకున్నారు. అరసవల్లి వెళ్లినప్పుడు ప్రసాదానికి డబ్బులు నేను తీసేలోపు ఆవిడే తీసి ఇచ్చేశారు. పక్కన నేనెందుకు నిలబడ్డానో నాకే తెలియలేదు.

కాబట్టి సోమవారం కలెక్టరాఫీసులో అర్జీ ఇద్దామని రాశాను. ఆరు అంగుళాలకి మించిన కత్తెరలకి లైసెన్సు ఉండాలి. పిన్నీసులు ఆధార్ చూపిస్తేనే అమ్మాలి. జేబు కుట్టే ప్రతి ఇల్లాలూ భర్త దగ్గర నిరభ్యంతర పత్రం తీసుకోవాలి. ఇంకా చాలా ఉన్నాయి. సంతకాలు మాత్రం ఇప్పటికి నాదొక్కటే ఉంది. అదీ ఆలస్యమైంది, ఇంట్లో పెన్ను కనపడలేదు. చివరికి మా అమ్మాయి తన లంగా జేబులోంచి తీసి ఇచ్చింది, పని కాగానే తిరిగిచ్చేయమని కూడా చెప్పింది.