తప్పంతా కార్బన్ ఫైబర్‌దేనా?

టైటానిక్ శకలాలు చూడ్డానికి మనుషుల్ని తీసుకెళ్తూ 2023లో నీటి ఒత్తిడికి నలిగిపోయిన కార్బన్ ఫైబర్ జలాంతర్గామి టైటాన్ గురించి మీ వ్యాసంలో రాస్తూ 'కార్బన్ ఫైబర్ లోతు సముద్రానికి పనికిరాదు' అని ఒక్క ముక్కలో తేల్చేశారు. అంత తేలిక కాదండీ. అమెరికా నౌకాదళం ఏయూఎస్ఎస్ అనే మానవరహిత వాహనానికి గ్రాఫైట్-ఎపాక్సీ (కార్బన్ పోగుల్ని రెసిన్ అనే జిగురుతో అతికించిన పదార్థం) గొట్టమే వాడింది, అదీ సుమారు 6,000 మీటర్ల లోతు కోసం. మనుషులు ఎక్కరు కాబట్టి ఆ లెక్క వేరనుకోండి.

అసలు చిక్కంతా నొక్కుడుతోనే. విమానం బాడీని లోపలి గాలి బయటికి తోస్తుంది, పోగులు సాగుతాయి. సాగదీతకు కార్బన్ ఫైబర్‌ను మించింది అరుదు. నీళ్లలో ఒత్తిడి బయటినుంచి వస్తుంది. టైటానిక్ శకలాలున్న 3,800 మీటర్ల దగ్గర అది వాతావరణ పీడనానికి 380 రెట్ల పైమాటే. అక్కడ పోగు కాస్త ముడతపడి ఉన్నా పక్కకు ఒరిగిపోతుంది, పొరల మధ్య రెసిన్ విడిపోతుంది. టైటాన్ గోడలో ముడతలు, గాలి బుడగలు ఉన్నాయని అమెరికా రవాణా ప్రమాదాల దర్యాప్తు సంస్థ ఎన్‌టీఎస్‌బీ దర్యాప్తులో తేలింది కూడా.

పోనీ, హెచ్చరిక రాలేదా అంటే వచ్చింది. 2022 జులైలో పైకి వస్తుండగా పెద్ద చప్పుడు వినిపించింది, ఆ తర్వాత గోడ ఎంత సాగుతోందో, నొక్కుకుంటోందో కొలిచే స్ట్రెయిన్ గేజ్ రీడింగుల తీరే మారిపోయింది. అయినా 2023లో మళ్లీ దించారు. నాకు మింగుడుపడనిది ఇదే. మనుషుల్ని లోతు సముద్రంలోకి తీసుకెళ్లడానికి మన దేశం రూపొందించిన జలాంతర్గామి మత్స్య 6000కి 80 మి.మీ. మందం టైటానియం గోళం ఎందుకు ఎంచుకున్నారో కూడా వ్యాసంలో రాసి ఉంటే బాగుండేది.