బాస్ డ్రమ్ము దొరవారికి బాంచెల అర్జీ

దొరా,

బాంచెన్, నీ కాల్మొక్తం. మొక్కుడు అయినంక మా కాలితోని పెడల్ తొక్కి నిన్నే తంతం, ఏమనుకోకు. తన్నందే నోరు తెరవని దొరవు ఈ జిల్లాల్ల నువ్వొక్కనివే మిగిలినవ్.

డ్రమ్ సెట్టు మొత్తంల నీ అంత ఒళ్ళు ఎవ్వరికి లేదు. 22 ఇంచుల మూతి పెట్టుకొని ఫంక్షన్ హాల్ స్టేజీ నడుమ కూసుంటవు. గాని నీ దరువు నేర్చుకుందామని పాట ఫోన్ల పెట్టి ఇంటే నీ జాడనే ఉండది. నీ అసలు గొంతు 50 నుంచి 100 హెర్ట్జ్ మధ్యల ఉంటది, అంత కిందికి పలికే బలం ఫోన్ స్పీకర్‌కు లేదు. దాంట్లకెళ్ళి వచ్చేది పెడల్ సుత్తి, అదే బీటర్, తోలుకు తగిలిన ‘టిక్కు’ ఒక్కటే. గడీ బయట నిలబడి దొర దగ్గు ఇని, దొర ఏం హుకుం చేసిండో రాసుకున్నట్టు, పోరగాండ్లు ఆ టిక్కు ఇని దరువు నేర్చుకుంటున్నరు.

సరే అని చెవులు మూసే హెడ్‌ఫోన్లు పెట్టుకుంటే నీ పట్వారి అడ్డమొస్తడు, బేస్ గిటార్. సన్న, మందపు సప్పుళ్ళను ఏరి ఎచ్చుతగ్గులు చేసే ఈక్వలైజర్ల 200 హెర్ట్జ్ పైన అంతా కోసేస్తే మీ ఇద్దరి గొంతు కలిసి ఒకటే బురద. నువ్వు ‘దుబ్’ అని అక్కడ్నే ఆగుతవు, పట్వారి సాగుతడు, స్వరం మారుస్తడు. అప్పటికీ అనుమానం తీరకుంటే ఆ కోత తీసేసి 2 వేల నుంచి 5 వేల హెర్ట్జ్ కాడ జర లేపి ఇనాలె. కింద దుబ్, పైన టిక్కు ఒక్కపారే పడితే అది నువ్వు. టిక్కు లేని దుబ్ శానమట్టుకు పట్వారిదే.

స్పీడ్ తగ్గిస్తే దొరుకుతవు అనుకుంటరు. 70, 60 శాతం దాకా మంచిగనే ఉంటది. సగం కంటె కిందికి దిగితే, శ్రుతి మారకుండ పాటను సాగదీసే యాప్ దెబ్బ మొనను చీల్చి ఒకటిని రెండు చేస్తది. పాటల లేనే లేని దెబ్బను వారం రోజులు సాధన చేసినోనికి నువ్వేం జవాబు చెప్తవు?

మా దిక్కు డప్పు నేర్చేటోడు దరువు నోటితో పలికినంకనే సిర్ర పడ్తడు. నీ కాడ గూడ అదే పని చేస్తది. బారుకు (తాళం ఒక్క చుట్టుకు) నాలుగు తకధిమిలు, అంటే 16 గడులు. లెక్కల నోటుబుక్కుల గీసుకొని ముందుగాల 5, 13 గడులల్ల స్నేర్ (చేతితోని కొట్టే చిన్న డ్రమ్ము) రాయాలె, తర్వాతనే నిన్ను ఎతకాలె. నీ దరువు ఒకటి 1, 4, 7, 8, 11 గడులల్ల ఉందనుకుందాం. నోటికి ఇట్లొస్తది: మొదటి తకధిమిల త, మి. రెండోదాంట్ల ధి, మి. మూడోదాంట్ల ధి ఒక్కటే. నాలుగోది నీకు సెలవు.

అందరూ బోల్తాపడేది 9 కాడ. 7, 8 కొట్టిన ఊపుల కాలు 9 మీద గూడ పడ్తది, ఎందుకంటే అది కొత్త తకధిమికి ‘త’, ఒళ్ళు అక్కడ దెబ్బ అడుగుతది. నువ్వేమో అక్కడ్నే సప్పుడు చెయ్యవు. ఎంత పొగరు! గాని దరువుల రుచంతా ఆ ఖాళీలనే ఉంది, ఒప్పుకోవాలె. 9 కాడ నోటితోని ‘త’ గట్టిగ అనాలె, చెయ్యి హైహ్యాట్ జంట పళ్ళేల మీద పడాలె, కాలు మాత్రం ఆగాలె. తాళం లెక్క చెప్పే మెట్రోనోమ్ నిమిషానికి 60 మీద తప్పు లేకుండ వచ్చినంకనే నాలుగు నాలుగు పెంచుకుంట పోవాలె. (నల్లగొండల ఒక క్లాక్ టవర్, పాలమూరుల ఒక క్లాక్ టవర్ ఉన్నా, పాట చివరికొచ్చేసరికి మా టైమ్ ఉరుకుతనే ఉంటది. దానికి నిన్నేమనం.) ఇంకొకటి, ఒక్క బారు మాత్రమే లూప్ పెట్టుకున్నోడు మునుగుతడు. రెండో బారుల ఒక దెబ్బను గుట్టుగ పక్క గడిలకు జరిపి పెట్టుడు నీకు మస్తు అలవాటు.

దెబ్బలన్నీ నీయే అనుకునుడు ఇంకో తప్పు. ఇంగ్లండ్ రాక్ బ్యాండ్ లెడ్ జెప్పెలిన్ డ్రమ్మర్ జాన్ బోన్‌హామ్ 1969ల వచ్చిన వాళ్ళ మొదటి ఆల్బమ్‌ల ఒక్క పెడల్ తోని కొట్టిన తకిటలు (మూడు మూడు దెబ్బల గుత్తులు) ఇని, రెండు బాస్ డ్రమ్ములు పెట్టిండనుకున్నోళ్ళున్నరు. అక్కడ ‘త’ చేతిది, ‘కిట’ మాత్రమే కాలిది. ఆ కిట కొట్టాలంటే మొదటి దెబ్బకు పాదం పెడల్ నడుమ ఉండాలె, రెండోదానికి ముందుకు జారాలె. బీటర్‌ను తోలుకు అదిమిపెట్టినోనికి రెండో దెబ్బ రాదు, వెనక్కొచ్చే జాగ ఏది? స్ప్రింగ్ మరీ బిగిస్తే పిక్క పట్టేస్తది, వదులు చేస్తే బీటర్ తీరిగ్గ వస్తది, దొర కచేరీకి వచ్చినట్టు.

ఇట్లు,
కుడికాలి పిక్కలు పట్టుకపోయిన
నల్లగొండ, పాలమూరు బాంచెలు

తా.క. నున్నటి టైల్స్ మీద కూసోబెడితే నాలుగు పాటలకే జానెడు ముందుకు జరుగుతున్నవు, పెడల్ కోసం కుర్చీతో సహా నీ ఎనుక జరుగుడైతుంది. ఈ ఆదివారం మందపు కార్పెట్ ముక్క ఏసి, నీ ముందుకాళ్ళ ముండ్లు బయటికి తీసి దాంట్ల గుచ్చుతం. కోపం చెయ్యకు దొరా.